కొలవకుండా గుచ్చే సూది

పిల్లికి షుగర్ ఉందని తేలాక మన ఊళ్ళలో నడిచే తంతు ఇంచుమించు ఒక్కటే. డాక్టరు ఇన్సులిన్ పేరు రాస్తారు. పొద్దున ఇన్ని యూనిట్లు, రాత్రి ఇన్ని యూనిట్లు అని పక్కన రాస్తారు. నెల తర్వాత తీసుకొస్తే రక్తపరీక్ష చేస్తామంటారు. ఇంట్లో మేమే షుగర్ చూసుకోవచ్చా అని అడిగారో, జవాబు సిద్ధంగా ఉంటుంది. అక్కర్లేదండీ, అది మీవల్ల అయ్యే పని కాదు, పిల్లిని హింస పెట్టడం దేనికి, పరీక్షలు మాకు వదిలేయండి, మీరు ఇంజక్షన్ టైముకి ఇవ్వండి చాలు. ఇంటికొస్తే చుట్టాలూ ఇదే పాట. రోజుకు రెండుసార్లు సూది గుచ్చుతున్నది చాలక పాపం దాని చెవులకు కూడా చిల్లులు పెడతావా అని మనవైపు అదోలా చూస్తారు.

వినడానికి ఇది దయలాగే ఉంటుంది, జాగ్రత్తలాగా కూడా ఉంటుంది. నా వాదన ఏమిటంటే ఇందులో దయా లేదు, జాగ్రత్తా లేదు. ఇన్సులిన్ ఇంట్లో ఇవ్వాలి గానీ కొలత మాత్రం ఆస్పత్రిలోనే జరగాలి అనే పంపకం ఈ వైద్యంలో ఉన్న అతి పెద్ద ప్రమాదం. ఆ ప్రమాదం పిల్లికే తప్ప సలహా ఇచ్చినవారికి కాదు గనక ఇన్నాళ్ళుగా చెల్లిపోతోంది.

మనుషుల సంగతి చూడండి. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో గ్లూకోమీటర్ పెట్టె కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు. తాతగారు కాఫీకి ముందు వేలు గుచ్చుకుని అంకె చూసుకుంటారు, మామ్మగారు ఆ అంకెను పాత క్యాలెండర్ వెనక రాసిపెడతారు. ఇన్సులిన్ వాడుతున్న మనిషితో మీటరు కొనొద్దు, నెలకోసారి ల్యాబుకొస్తే చాలు అనే డాక్టరు ఉంటే ఆయన గుమ్మం ఎవరూ రెండోసారి తొక్కరు. పైగా మనిషికి నోరుంది. కళ్ళు తిరుగుతున్నాయనీ, చెమటలు పోస్తున్నాయనీ, గుండె దడదడలాడుతోందనీ చెప్పగలడు. పిల్లికి అదే అవస్థ వస్తే మంచం కిందికి దూరి పడుకుంటుంది. నిద్రపోతోంది కాబోలనుకుంటాం. చెప్పుకోగలిగిన రోగికి పూటపూటా కొలత, చెప్పుకోలేని రోగికి నెలకో కొలత! ఇదేం లెక్క?

ఆస్పత్రిలో వచ్చిన అంకెనే నమ్మాలి, ఇంట్లో వచ్చేది నమ్మరాదు అంటారు. పిల్లి విషయంలో నిజం దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. భయపడ్డ పిల్లి ఒంట్లో అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ ఎగదన్నుతాయి, కాలేయం తన దగ్గరున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. ఆస్ట్రేలియాలో జాక్వీ రాండ్ బృందం ఏ జబ్బూ లేని పిల్లులకు నీళ్ళు చిమ్మి స్నానం చేయించి, ఆ వెంటనే రక్తం చూసింది. పెనుగులాడిన పిల్లుల్లో చక్కెర గబుక్కున పెరిగిందని 2002లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి చక్కెర మామూలుగా 70 నుంచి 150 లోపు ఉంటుంది. ఒక్క బెదురుతో అది 300 దాటిపోవచ్చని పశువైద్యంలో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసే, ఆ బెదిరిన రక్తాన్ని ప్రమాణంగా పెట్టుకుంటున్నారు.

ఇక మన దగ్గర పిల్లి ఆస్పత్రికి చేరే తీరు వేరే చెప్పాలా? పొద్దున్నే దాన్ని అటక మీంచో, సోఫా వెనక నుంచో పట్టుకోవడంతోనే సగం యుద్ధం. బుట్టలో కుక్కి మూత బిగించి, మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఆటోలో గంటసేపు. చెవి పక్కనే బస్సు హారన్లు. తీరా వెళ్ళాక వెయిటింగ్ హాల్లో లాబ్రడార్ ఒక పక్క, పొమేరియన్ ఇంకో పక్క. చల్లటి స్టీలు బల్ల మీద ఎవరో కొత్త మనిషి మెడ పట్టి అదిమితే, ఇంకొకరు కాల్లోంచి రక్తం లాగుతారు. అప్పుడొచ్చిన అంకె 380. అది జబ్బు అంకెనా, ఆటో అంకెనా? చెప్పడం ఆ డాక్టరు తరం కూడా కాదు. ఆ అంకెను చూసి డోసు పెంచితే, పెరిగిన డోసు పని చేసేది ఆస్పత్రిలో కాదు. పిల్లి ఇంటికొచ్చి, సర్దుకుని, దాని చక్కెర అసలు స్థాయికి దిగాక, అందరూ నిద్రపోయే వేళకి పని చేస్తుంది.

దీనికి వాళ్ళ దగ్గర ఒక గట్టి జవాబే ఉంది, దాన్ని దాటేయను. ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష ఉంది. రక్తంలోని ప్రోటీన్లకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు వారాల సగటును అది చెబుతుంది. ఆటోలో పడ్డ బెదురు దాన్ని మార్చదు. నిజమే, మంచి పరీక్షే. షుగర్ ఉందా, లేక అది బెదురు వల్ల వచ్చిన అంకెనా అని మొదట్లో తేల్చడానికి అంతకు మించింది లేదు. కానీ అది సగటు. పగలు 45కి పడిపోయి రాత్రి 430కి లేచే పిల్లికీ, రోజంతా 240 దగ్గర నిలకడగా ఉండే పిల్లికీ సగటు ఒకేలా రావచ్చు. మొదటి పిల్లి ఏ క్షణాన ఫిట్స్‌తో పడిపోతుందో తెలియదు. రెండోదానికి కాస్త డోసు పెంచాలి. ఈ రెంటికీ తేడా చెప్పలేని కాగితాన్ని పట్టుకుని డోసు ఎలా రాస్తారు?

ఇన్సులిన్ ఇచ్చాక చక్కెర ఒకచోట నిలబడదు. మెల్లగా దిగుతుంది, కొన్ని గంటలకు అడుక్కి చేరుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మనుషుల్లో రోజంతా పని చేసే గ్లార్జీన్ లాంటి ఇన్సులిన్ కూడా పిల్లి ఒంట్లో తొందరగా ఖర్చవుతుంది. అందుకే పన్నెండు గంటలకోసారి ఇస్తారు. డోసు సరిపోయిందా, ఎక్కువైందా, తక్కువైందా అన్నది ముఖ్యంగా ఆ అడుగు అంకెను చూస్తేనే తెలుస్తుంది. అది 80కీ 150కీ మధ్య ఉండేలా చూసుకోవడం సాధారణ లక్ష్యం. ఒక రోజు అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. పొద్దున ఇంజక్షన్‌కి ముందు 340. నాలుగు గంటలకు 190. ఆరు గంటలకు 92. ఎనిమిది గంటలకు 140. రాత్రి ఇంజక్షన్ వేళకు 315. పొద్దుటి 340 ఒక్కటే చూసినవాడు డోసు చాలడం లేదంటాడు, ఇంకో అర యూనిట్ పెంచమంటాడు. మధ్యాహ్నం 92 చూసినవాడు పెంచమనే మాటే ఎత్తడు. రోగం అదే, పిల్లి అదే, ఇన్సులిన్ అదే. ఒకడు చూశాడు, ఇంకొకడు చూడలేదు.

ఈ అంకెల వరసను ఆస్పత్రిలోనే తీస్తామంటారు కొందరు. పొద్దున వదిలేసి సాయంత్రం తీసుకెళ్ళమంటారు. అంటే పన్నెండు గంటలు బోనులో, పక్క బోనులో కుక్క, తిండి ముట్టదు. తిండి తినని పిల్లి చక్కెరా, ఇంట్లో తన గిన్నెలో తిని కిటికీలో పడుకున్న పిల్లి చక్కెరా ఒకటి ఎలా అవుతాయి? జ్యూరిక్ విశ్వవిద్యాలయ పశువైద్యులు 2000ల మొదటి సంవత్సరాల్లోనే యజమానులకు నేర్పించి ఇంట్లో అంకెలు తీయించారు. అదే పిల్లికి ఆస్పత్రిలో తీసిన అంకెలతో పోల్చి చూస్తే, కొన్ని సందర్భాల్లో డోసు నిర్ణయమే వేరుగా ఉండేదని తేలింది. యజమానుల్లో ఎక్కువమంది ఆ పని నేర్చుకోగలిగారు కూడా. ఇరవై ఏళ్ళ నాటి మాట ఇది. అంతర్జాతీయ పిల్లుల వైద్య సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలూ, అమెరికా జంతు ఆస్పత్రుల సంఘం 2018లో ఇచ్చినవీ ఇంటి పరీక్షను ప్రోత్సహించేవే. మన దగ్గర మాత్రం మీవల్ల కాదండీ అనే మాట దగ్గరే ఆగిపోయాం.

మూత్రం స్ట్రిప్ చాలదా అని ఇంకో మాట. పిల్లి మూత్రం పోసిన ఇసుకలో స్ట్రిప్ గుచ్చి రంగు చూడమంటారు. పిల్లి మూత్రపిండాలు రక్తంలో చక్కెర దాదాపు 250 దాటితే గానీ దాన్ని బయటికి వదలవు. కాబట్టి స్ట్రిప్ మీద రంగు మారలేదంటే చక్కెర 200 కావచ్చు, 100 కావచ్చు, 40 కూడా కావచ్చు. ప్రాణం తీసే అంకెనూ, మనం కోరుకునే అంకెనూ ఒకే రంగులో చూపించే పరీక్ష మీద ఇంతకంటే మాటలు ఖర్చు పెట్టను. నీళ్ళు ఎంత తాగుతోంది, బరువు పెరుగుతోందా తగ్గుతోందా, నడక ఎలా ఉంది అన్నవి మాత్రం తప్పకుండా చూడాల్సినవే. చాలాకాలం షుగర్ అదుపులో లేని పిల్లి వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, చతికిలబడినట్టు నడుస్తుంది. నరాలు దెబ్బతిన్నాయని దానర్థం. చక్కెర అదుపులోకి వస్తే చాలావాటికి ఆ నడక మళ్ళీ మెరుగవుతుంది. కాకపోతే ఇవన్నీ వారాల మీద తెలిసే సంగతులు. ఈ రాత్రి ఇంజక్షన్ ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు నీళ్ళ గిన్నె జవాబు చెప్పదు.

హింస సంగతికి వద్దాం. పిల్లి చెవి అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి రక్తనాళం ఒకటి అంచు వెంబడే కనిపిస్తుంది. గుచ్చేది ఆ నాళాన్ని కాదు. నాళానికీ అంచుకూ మధ్య ఉన్న సన్నటి పట్టీలో. మా ఇంట్లో చేసే పద్ధతి ఇది. పాత సాక్సులో గుప్పెడు బియ్యం పోసి కాస్త వెచ్చబెట్టి చెవికి ఆనిస్తాం. చల్లగా ఉన్న చెవిలోంచి రక్తం రాదు. చెవి వెనక దూది ఉండ పెట్టి, అంచుకు వేసలీన్ పల్చగా రాస్తే చుక్క వెంట్రుకల్లోకి పాకిపోకుండా ఉండగా నిలుస్తుంది. లాన్సెట్‌తో ఒక్క పోటు. స్ట్రిప్‌ను చుక్కకు తగిలిస్తే అదే పీల్చుకుంటుంది, మీటరు అయిదు సెకన్లలో అంకె చూపిస్తుంది. దూదితో కాసేపు అదిమి పట్టుకుని, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్క నోటికందిస్తాం. చెవి అంచున నొప్పి తెలిపే నరాలు తక్కువ. వేలు గుచ్చుకున్నప్పుడు మనకయ్యేంత నొప్పి దానికి ఉన్నట్టు కనబడదు. మొదటి రోజుల్లో చెవి విదిలిస్తుంది, రక్తం రాదు, స్ట్రిప్‌లు వృథా అవుతాయి. అది మన చేతి వణుకు తగ్గేదాకా. ఆ తర్వాత చికెన్ కోసం అదే వచ్చి కూర్చుంటుంది. ఒక్క చుక్క కోసం జరిగే ఈ పనిని హింస అంటున్నవాళ్ళు బుట్టనీ, ఆటోనీ, స్టీలు బల్లనీ ఏమంటారో వినాలని ఉంది.

చెవి ముట్టుకోనివ్వని పిల్లులూ ఉంటాయి. వాటికి పాదం కింది మెత్తటి భాగం ఉంది. అదీ కాదంటే మనుషులు చేతికి అంటించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్‌ను కొంచెం బొచ్చు తీసి పిల్లి ఒంటికి అంటిస్తున్నారు. పద్నాలుగు రోజులు ఉండాల్సింది పిల్లి మీద అన్నాళ్ళు ఉండకపోవచ్చు, ఖరీదూ ఎక్కువే. చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది గనక రక్తం కంటే కాస్త వెనకబడుతుంది. అయినా ఒక వారం రోజుల పూర్తి చిత్రం చేతికొస్తుంది. ఆస్పత్రి ఇవ్వలేనిది అదే.

మనుషుల మీటరు పిల్లికి తప్పు చూపిస్తుంది కదా అంటారు. చూపిస్తుంది, ఎటువైపు చూపిస్తుందో కూడా తెలుసు. మన రక్తంలో చక్కెరలో పెద్ద భాగమే ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లి రక్తంలో ఇంచుమించు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. మనిషి లెక్క ప్రకారం తయారైన మీటరు అందుకే పిల్లి చక్కెరను సాధారణంగా అసలు కంటే తక్కువగా చూపిస్తుంది. పిల్లులకూ కుక్కలకూ విడిగా లెక్కగట్టిన ఆల్ఫాట్రాక్ లాంటి మీటర్లున్నాయి. అవి దొరికితే మంచిదే. స్ట్రిప్‌ల ధర మాత్రం గుండె ఝల్లుమనిపిస్తుంది. మెడికల్ షాపులో దొరికే మామూలు మీటరే వాడితే, ఒకే మీటరు వాడాలి, ఇది మనుషుల మీటరు అని డాక్టరుకు చెప్పాలి, రెండు మీటర్ల అంకెలు కలపకూడదు. తక్కువగా చూపించే మీటరు మనల్ని ముందుగా భయపెడుతుంది. ప్రమాదం లేదని మభ్యపెట్టేది దానికి వ్యతిరేక దిశలో తప్పే మీటరు. కొంచెం వంకరగా ఉన్నా తన వంకర ఎటో తెలిసిన కొలత, అసలు కొలతే లేకపోవడం కంటే ఎన్నో రెట్లు నయం.

అసలు అభ్యంతరం ఇవేవీ కావు. నోరు విప్పి చెప్పరు గానీ లోపల ఉన్నది ఇంకొకటి. అంకెలు చేతికొస్తే యజమాని తనంతట తానే డోసు మార్చేస్తాడని భయం. ఈ భయం ఊరికే వచ్చింది కాదని ఒప్పుకుంటాను. రాత్రి 400 చూసి కంగారుపడి ఇంకో యూనిట్ ఎక్కించేవాళ్ళు ఉంటారు. కానీ వాళ్ళ చేతికి మనం ఇప్పటికే ఏమిచ్చామో చూడండి. ఇన్సులిన్ ఇచ్చాం. ఒక్క చుక్క ఎక్కువైతే ప్రాణం తీసే మందు అది. కత్తి చేతికిచ్చి కళ్ళద్దాలు లాక్కోవడం అంటే ఇదే.

ఆ కత్తి ఎంత సులువుగా జారుతుందో మన దేశంలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియాల్సిన పని లేదు. ఇక్కడ రెండు రకాల బలంతో ఇన్సులిన్ అమ్ముతారు. మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలే. 40 వాటికి ఎర్ర మూత, 100 వాటికి నారింజ మూత. గ్లార్జీన్ 100 బలంతో వస్తుంది. మెడికల్ షాపు కుర్రాడు ఇన్సులిన్ సిరంజి కదా అని ఎర్ర మూతది చేతిలో పెడితే, మీరు దాని మీద ఒక గీత దాకా లాగారనుకోండి, పిల్లి ఒంట్లోకి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. రెండు గీతలు లాగితే అయిదు. నాలుగు కిలోల పిల్లికి మొదట్లో ఒక యూనిటో, మహా అయితే రెండో రాస్తారు. మిగతాది మీరే ఊహించుకోండి. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజిలు అన్ని షాపుల్లో ఉండవు. ఉన్న సిరంజిలో ఒక గీతకూ రెండో గీతకూ మధ్య కంటితో కొలిచి లాగే పని మనదే. ఈ తప్పులన్నీ ఇంజక్షన్ పక్కన జరిగేవి. వీటిని పట్టుకునేది మీటరు ఒక్కటే. ఆ మీటరునే వద్దంటున్నారు.

ఎండాకాలం సంగతి ఇంకొకటి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌కు ఆనుకుని గడ్డకడితే పనికిరాదు. మే నెలలో కరెంటు పోయి ఇల్లంతా నలభై డిగ్రీలకు కాగితే మందు బలం తగ్గుతుంది. చూడ్డానికి సీసాలో తేడా కనబడదు. పిల్లి మళ్ళీ నీళ్ళు ఎక్కువ తాగుతోందని, నెలాఖరు పరీక్షలో అంకె పెరిగిందని డోసు పెంచుతారు. ఆ తర్వాత కొత్త సీసా తెరుస్తారు, నిండు బలంతో ఉన్నది. పెంచిన డోసు అలాగే కొనసాగుతుంది. ఆ రోజు సాయంత్రం పిల్లి ఇంట్లో తూలి గోడకు కొట్టుకుంటుంది. ఇందులో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, చెప్పినట్టే చేశారు.

తిండి మార్పు ఇంకా వేగంగా దెబ్బ కొడుతుంది. మన ఇళ్ళలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెట్టి పెంచడం మామూలు. పట్నాల్లో అయితే రోజంతా గిన్నెలో గలగలలాడే పొడి తిండి. పిల్లి మాంసం మీద బతికే జంతువు. అన్నంలోని, పొడి తిండిలోని పిండిపదార్థాన్ని నెట్టుకొచ్చే శక్తి దాని కాలేయానికి తక్కువ. షుగర్ వచ్చిందనగానే డాక్టర్లు పిండి తక్కువ ఉన్న తిండికి మార్చమంటారు, మంచి సలహా. మార్చిన కొద్ది రోజుల్లోనే ఇన్సులిన్ అవసరం సగానికి పడిపోవచ్చు. సలహా ఇచ్చినవారు నెల తర్వాత రమ్మన్నారు. ఆ నెల రోజుల్లో పాత డోసే వెళ్తూ ఉంటుంది. లో షుగర్ వచ్చిన పిల్లి మొదట మందకొడిగా అవుతుంది, లేదా ఉన్నట్టుండి తిండి కోసం ఎగబడుతుంది. తర్వాత తూలుతుంది, ఆపైన ఫిట్స్. అప్పుడు చిగుళ్ళకు తేనో, గ్లూకోజ్ నీళ్ళో రాసి పరుగున ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో పోయకూడదు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా చీటీ వెనక రాసి ఇచ్చే డాక్టర్లు ఎంతమంది?

ఇప్పుడు నా పక్షాన ఉన్న అసలు బలం చెబుతాను. పిల్లి షుగర్ మన రెండో రకం షుగర్‌కు దగ్గర. లావు, వయసు, మగ పిల్లులకు ఆపరేషన్ చేయించడం, దురదలకో చిగుళ్ళ వాపుకో పదేపదే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు దానికి దారి తీస్తాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చక్కెర వరదలో మునిగి అలిసిపోతాయి గానీ అన్నీ చచ్చిపోవు. మొదట్లోనే చక్కెరను గట్టిగా అదుపులో పెడితే వాటిలో చాలావరకు తేరుకుంటాయి. అప్పుడు ఇన్సులిన్ మానేసినా పిల్లి మామూలుగా బతుకుతుంది. కర్స్టిన్ రూంప్, జాక్వీ రాండ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో 55 పిల్లులకు గ్లార్జీన్ ఇస్తూ, యజమానులే ఇంట్లో రోజూ పలుమార్లు రక్తం చూసి, రాసిపెట్టిన నియమాల ప్రకారం డోసు మార్చారు. నూటికి 64 పిల్లులు ఇన్సులిన్ నుంచి బయటపడ్డాయి. జబ్బు తేలిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో నూటికి 84. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాటిలో నూటికి 35. లో షుగర్ లక్షణాలతో ఇబ్బంది పడిన ఘటన ఒకే ఒక్కటి, అదీ తేలికపాటిది. యజమానుల చేతిలో అంకెలు పెడితే కొంపలు మునుగుతాయన్నవాళ్ళు ఈ చివరి ముక్కను ఒకటికి రెండుసార్లు చదవాలి. ఈ పిల్లులు ప్రయోగశాలలో లేవు, ఇళ్ళల్లోనే ఉన్నాయి. యజమానులూ మనలాంటివాళ్ళే, శ్రద్ధ ఎక్కువున్నవాళ్ళు. ఆ శ్రద్ధను మొదటి రోజే మీవల్ల కాదండీ అని చంపేస్తే, ఆ ఆరు నెలలూ నెలకో అంకెతో గడిచిపోతాయి. పోయిన అవకాశం మళ్ళీ అంతగా రాదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. కోలుకుంటున్న పిల్లి నెలాఖరు కోసం ఆగదు. దాని క్లోమం పని మొదలుపెట్టిన వారంలోనే పాత డోసు విషమవుతుంది. అంటే మందు బాగా పనిచేసిన పిల్లికే కొలవని ఇన్సులిన్ ఎక్కువ ప్రమాదం.

మాత్రలొచ్చాయి కదా, ఇక ఈ గుచ్చుళ్ళెందుకు అనేవాళ్ళు కొత్తగా తయారయ్యారు. అమెరికాలో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రావణాన్ని 2023లో అనుమతించారు. చక్కెరను మూత్రంలోకి తోసేసే మందులివి. కొన్ని పిల్లులకు వరమే. కానీ ఈ మందులు ఇంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకు మాత్రమే. పైగా రక్తంలో చక్కెర మామూలుగా కనబడుతూనే కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చని వాటి చీటీ మీదే హెచ్చరిక ఉంది. అందువల్ల అక్కడ కీటోన్లు చూడాలి. కొలత తప్పదు, కొలిచే వస్తువు మారుతుంది. కాకరకాయ రసం, మెంతిపొడి పోయించే సలహాల గురించి ఇక్కడ మాట్లాడను.

డోసు ఎంత పెంచినా చక్కెర దిగని పిల్లులు కొన్ని ఉంటాయి. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు షుగర్ ఉన్న వెయ్యికి పైగా పిల్లుల రక్తం చూస్తే, దాదాపు నాలుగింట ఒకదానికి పిట్యూటరీ గ్రంథిలో పెరుగుదల హార్మోను అతిగా ఊరడమే మూలమని 2015లో అంచనా కట్టారు. వాటికి కావాల్సింది ఆ గ్రంథికి వైద్యం. అలాంటి పిల్లిని యజమాని మందు సరిగ్గా ఇవ్వడం లేదని దబాయించడమూ, చూడకుండా డోసు ఎక్కిస్తూ పోవడమూ రెండూ చూస్తున్నాం. ఇంటి అంకెల పుస్తకం చేతిలో ఉంటే ఆ అనుమానం మూడో వారంలోనే వచ్చేది.

ఇదంతా కష్టం, ఖర్చు, దానికంటే శాశ్వతంగా నిద్రపుచ్చేయడం మేలు అనే మాట చివరికొస్తుంది. వివిధ దేశాల పశువైద్యులను అడిగి 2017లో ప్రచురించిన ఒక సర్వేలో, షుగర్ తేలిన రోజునే పది జంతువుల్లో ఒకదాన్ని నిద్రపుచ్చుతున్నారనీ, ఏడాదిలోపు వైద్యం కుదరలేదని ఇంకొకదాన్ని అలాగే పంపేస్తున్నారనీ తేలింది. ఆర్థికంగా అసలు భరించలేనివాళ్ళ మీదా, ఇతర జబ్బులతో నలిగిపోతున్న ముసలి పిల్లుల విషయంలోనూ నేను తీర్పు చెప్పబోను. కానీ ఖర్చు లెక్క మాత్రం నిజాయితీగా వేద్దాం. మనుషుల స్ట్రిప్ ఒకటి 20 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఇంట్లో తాతగారి మీటరు ఎలాగూ ఉంది. లో షుగర్‌తో ఎమర్జెన్సీలో చేరి, సెలైన్ మీద రెండు రాత్రులు ఉంచితే అయ్యే బిల్లుతో ఎన్ని నెలల స్ట్రిప్‌లు వస్తాయో ఆ బిల్లు కట్టినవారిని అడగండి.

డాక్టర్లు మానేయాలనో, యజమానులే డాక్టర్లైపోవాలనో నేను అనడం లేదు. డోసు నిర్ణయం వాళ్ళదే, ఉండాల్సింది అలాగే. నేనడిగేది చీటీ మీద నాలుగు ముక్కలు ఎక్కువ రాయమని. ఇంజక్షన్‌కి ముందు చెవి నుంచి రక్తం చూడండి, ఎలా చూడాలో మా కాంపౌండర్ చూపిస్తారు. అంకె ఇంతకంటే తక్కువ ఉంటే ఇంజక్షన్ ఆపి ఫోన్ చేయండి. ఇంత దాటితే, పిల్లి తినకపోతే, వాంతులు చేసుకుంటే ఆగకుండా తీసుకురండి. గ్లార్జీన్‌కి నారింజ మూత సిరంజి తప్ప ఇంకోటి కొనకండి. ఈ నాలుగు రాయడానికి, నెల తర్వాత కనపడండి అని రాసిన చోటు సరిపోతుంది.